బావికి అడ్డంగా పరిచిన పడుగు

ఎమ్మిగనూరు జాతరకు రమ్మని నరసింహం ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. మేమిద్దరం గుంటూరులో ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్లం. నేను బడిపంతులునయ్యాను, వాడు హెల్త్ ఇన్‌స్పెక్టరై ఆదోనిలో పడ్డాడు. ఈసారి పిలుపుతో పాటు ఒక షరతు కూడా పెట్టాడు. చుట్టుపక్కల రెండు మూడు ఊళ్లలో వాంతులు, బేదులు మొదలయ్యాయట, కలరా సూది వేయించుకునే రావాలట. జాతర జనంలోకి ఆ జబ్బు దూరితే ఆపడం తన తరం కాదని రాశాడు. సూది అంటే చిన్నప్పటినుంచీ నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. ప్రాణస్నేహితుడు కదా, మొహమాటానికైనా వదిలేస్తాడులే అనుకుని వేయించుకోకుండానే బయలుదేరాను.

మా వైపు నుంచి వెళ్లేవాళ్లకు దారి చెబుతాను. గుంటూరులో మధ్యాహ్నం మీటరు గేజి బండి ఎక్కితే నంద్యాల, ద్రోణాచలం మీదుగా తెల్లవారేసరికి గుంతకల్లులో దిగుతారు. అక్కడ రాయచూరు వైపు వెళ్లే పెద్ద బండి పట్టుకోవాలి. కిటికీలోంచి ఎంత దూరం చూసినా నల్లరేగడి, పత్తి చేలు. ఆదోని స్టేషను బయట అడుగు పెట్టగానే పత్తి బళ్ల వరస ఎదురైంది. గాలిలో దూది తేలుతోంది. తుమ్ముకుంటూ వెళ్లి ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించుకున్నాను. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఆ ఉగ్గాని కోసమైనా ఈ ఊరికి మళ్లీ రావచ్చు. బజ్జీ కారానికి కళ్లమ్మట నీళ్లొచ్చి మంచినీళ్లడిగితే, హోటలాయన పొగలు కక్కే లోటా తెచ్చిపెట్టాడు. చల్లటివి లేవా అన్నాను.

"కాసిన నీల్లే ఇయ్యాలంట సామీ. ఇన్‌స్పెక్టరు పొద్దు పొద్దునా వచ్చి కుండల్లో తొంగి సూసి పోతాండాడు. ఆయప్ప పెండ్లాం గూడ ఇంత కాపలా కాసుండదు" అన్నాడు.

ఆ ఇన్‌స్పెక్టరు నా స్నేహితుడేనని గర్వంగా చెప్పాను. బిల్లులో ఏమీ తగ్గించలేదు.

నరసింహం బస్టాండులో దొరికాడు. వేపచెట్టు కింద బల్ల, బల్ల మీద స్పిరిటు దీపం, సూదులు, ఎదురుగా జాతరకు వెళ్లేవాళ్ల బారు. నన్ను చూడగానే లేచి కౌగిలించుకున్నాడు. కౌగిలిలోనే "సూది వేయించుకున్నావా?" అని అడిగాడు. నేను నవ్వి మాట దాటేయబోయాను. వాడు నా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. స్నేహం సంగతి తర్వాత తెలిసింది, నొప్పి ముందు తెలిసింది. సూది లేనిదే బస్సెక్కనివ్వరని కండక్టరు కేకలేస్తుంటే డ్రైవరు మస్తాన్ నా మొహం చూసి జాలిపడ్డాడు.

"నాకూ ఎడమ సెయ్యికే పొడిసినాడు సాబూ. గేరు మార్సినప్పుడల్లా ఇన్‌స్పెక్టరు సాబ్ యాదికొస్తాండాడు."

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో గంటన్నర పైగా పడుతుంది. టిక్కెట్టు రూపాయి లోపే. జాతర రోజుల్లో మాత్రం పొద్దున్నే ఎక్కండి, తర్వాత నిలబడడానికి కూడా చోటుండదు. నరసింహం సూదులు వేసే పనిని కాంపౌండరుకు అప్పజెప్పి, బ్లీచింగ్ పౌడరు డబ్బా ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా కొమ్ములకు రంగులు పూసిన ఎద్దులు, బళ్లు. చూసి నేను మురిసిపోతుంటే వాడు ఆ బళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్కేసుకుంటున్నాడు. ఎమ్మిగనూరు బావులన్నిటికీ ఈ పౌడరు మందు వేయించాడట. ఒక్క నేతవీధి బావి మిగిలింది. మిగతా బావుల్లో నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి జాతరకు వచ్చేవాళ్లంతా ఆ తియ్యటి నీళ్లకే ఎగబడతారు. సాయంత్రానికి బళ్లన్నీ దిగుతాయి. ఆలోపు మందు పడాలి.

నేతవీధి మొదట్లోనే ఆగిపోవలసి వచ్చింది. వీధికి అడ్డంగా ఒక పొడవాటి పడుగు పరిచి ఉంది. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు దారాలన్నీ ఇలా కర్రల మీద చాపి గంజి పట్టిస్తారు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన కుంచెలతో ఒక చివర నుంచి దువ్వుకుంటూ వస్తున్నారు. బావి అవతల ఉంది. నేను పంచె ఎగగట్టి దాటబోతే నరసింహం నా భుజం పట్టి వెనక్కి లాగాడు, సరిగ్గా సూది వేసిన చోట. పరిచిన పడుగును దాటడమంటే తింటున్నవాడి కంచాన్ని దాటినట్టేనట ఇక్కడ. సరే, ఆరేదాకా ఆగుదామని ఒక అరుగు మీద కూర్చున్నాం. మజ్జిగ ఇచ్చారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. పడుగు ఆరింది, చుట్టి లోపలికి తీసుకెళ్లారు. మేం లేచేలోపే ఇంకొకటి తెచ్చి అక్కడే పరిచారు.

మూడోది వచ్చేసరికి నాకు అర్థమైంది. రోజూ ఊరి బయట మైదానంలో పరిచే పడుగులట ఇవి. వద్దని ఎవరూ అనలేదు, పొమ్మని ఎవరూ అనలేదు. ఇంత మర్యాదగా గెంటేయడం నేనెక్కడా చూడలేదు.

జాతర బందోబస్తుకు వచ్చిన పోలీసు ఒకాయన సంగతి విని "కత్తి ఇయ్యి సామీ, నేను తెంపుతా" అని ముందుకొచ్చాడు. నరసింహం ఆయన్ని ఆపాడు. "ఇవాళ తెంపి మందు వేస్తాను. రేపు కూడా వేయాలి, ఎల్లుండి కూడా వేయాలి. రోజూ తెంపుతారా?" అన్నాడు. తర్వాత చెప్పులు విప్పి, పడుగుకు ఇవతలే నిలబడి, కుంచె పట్టుకున్న పెద్దావిడను అడిగాడు. "ఏమ్మా, నామీద కోపమా?"

ఆవిడ పేరు ఈరమ్మ. నూలుకు రంగులద్దే ఇల్లు వాళ్లది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. కుంచె ఆపకుండానే చెప్పింది.

"నీమీద కాదప్పా. పోయిన జాతరకు నీకు ముందున్నాయప్ప తెల్లారేలోగా వచ్చి పౌడరు కుమ్మరించి పోయినాడు. మాకు యాడ తెలుసు? ఆ నీల్లే కాగుల్లో పోసి ఎరుపద్దినాం. నూలంతా మచ్చలు మచ్చలు. ఏడాది పొడుగునా మా ఎరుపంటే నమ్మేవాల్లు లేకుండా పోయినారు."

"మందు వేయకపోతే జబ్బొస్తుందమ్మా" అన్నాడు వాడు.

అప్పుడు కుంచె ఆగింది. "నాకు సెప్తాండావా? నా సిన్నకొడుకు ఆ రోగంతోనే పోయినాడు. పొద్దున ఆడుకున్న పిల్లోడు, మాపటికి లేడు. నీ పౌడరు వద్దని నేనంటానా అప్పా? మమ్మల్ని ఒక మాట అడిగి ఏయండి అంటాండాను."

నరసింహం మొహం ఎర్రబడింది. డబ్బా అరుగు మీద పెట్టి అడిగాడు. "జాతర అయ్యేదాకా మీ రంగుకు ఎన్ని కాగులు కావాలమ్మా? ముందు అవన్నీ నింపుకోండి. ఆ తర్వాతే మందు వేస్తాను."

ఈరమ్మ ముసలాయన వైపు చూసింది. ఆయన తలూపాడు. ఇంకేం, వీధి వీధంతా కదిలింది. ఇళ్లలోంచి కాగులు, తొట్లు, గంగాళాలు బయటికొచ్చాయి. అవతలివాళ్లు తోడి అరుగుల మీదుగా ఇచ్చిన చేదను నరసింహం అందుకున్నాడు. నేనూ అందుకున్నాను. ఎడమ చెయ్యి లేవక నేను కుడిచేత్తోనే మోసి ఇవతలి కాగుల్లో పోస్తుంటే ఆడవాళ్లు పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. పొద్దు వాలుతుండగా జాతర బళ్ల గంటలు ఊరి బయట వినబడ్డాయి. నరసింహం ఆ వైపు చూశాడు కానీ తొందరపెట్టలేదు. నిండిన ప్రతి కాగు మెడకూ ఈరమ్మ ఒక ఎర్ర దారం కట్టింది. "ఎర్ర దారముండే కాగు నీల్లు ఎవురూ తాగగూడదు, రంగుకే" అని వీధి వినేలా కేకేసి చెప్పింది.

పౌడరు డబ్బా ఇంకా అరుగు మీదే, పడుగుకు ఇవతలే ఉంది. పొద్దు వాలడంతో గంజి తడి ఆరలేదు, చుట్టడానికి లేదు. అప్పుడు ఈరమ్మ ఏదో అంది. వరసగా నిలబడినవాళ్లంతా వంగి, కర్రలు పట్టుకుని, ఆ తడి పడుగును ఒక్కసారిగా తలల పైకి ఎత్తారు. ఒక్క పోగు తెగలేదు. నరసింహం డబ్బా గుండెకు హత్తుకుని, తల వంచి, దాని కింద నుంచి నడిచి బావి దగ్గరికి వెళ్లాడు. పౌడరు కలిపి పోసి, దాని పని అయ్యేదాకా కాచుకుని మొదటి చేద తోడాడు. మందు వాసనకు నేను మొహం చిట్లించాను. ఈరమ్మ ఆ ఎర్రటి దోసిట్లో నీళ్లు పట్టి గటగటా తాగింది. బళ్లవాళ్లు కుండలతో అప్పుడే వీధి మలుపు తిరుగుతున్నారు.

జాతర బాగుంది, రథం బాగుంది, ఎద్దుల సంత ఇంకా బాగుంది. వాటి గురించి ఎవరైనా రాస్తారు. నాకు మాత్రం ఆ వీధే కళ్లలో ఉండిపోయింది. రోగం రాకముందే దానికి సిద్ధపడాలంటే సూదులు కావాలి, పౌడరు కావాలి, కాసిన నీళ్లు కావాలి, నిజమే. వాటితో పాటు బావి ఎవరిదో వాళ్లను ముందుగా ఒక మాట అడగాలని నేను ఎమ్మిగనూరులో నేర్చుకున్నాను. మర్నాడు పొద్దున నరసింహం డబ్బాతో వెళ్లేసరికి వీధి ఖాళీగా ఉందట. పడుగులన్నీ మైదానానికి వెళ్లిపోయాయి. బావి గట్టు మీద ఈరమ్మ కూర్చుని ఉందట, "ఆలిస్యమైనాదే అప్పా, బళ్లోల్లు నీల్లకు వచ్చి నిలబడుండారు" అని గదమాయించడానికి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: సూది వారం ముందే మీ ఊళ్లో వేయించుకోండి, నాలాగా స్నేహితుణ్ణి నమ్ముకోకండి. ఆ వీధిలో ఎప్పుడైనా మీకు పడుగు అడ్డం వస్తే దాటకండి, చుట్టూ తిరిగి పోకండి. చెప్పులు విప్పి, ఇవతలే నిలబడి అడగండి. వాళ్లే ఎత్తి దారి ఇస్తారు.