ఎర్రగుడ్డ దిగేదాకా

నేను పోలీసులను మెచ్చుకునే మనిషిని కాను. నిజాం కాలంలో ఎల్లారెడ్డిలో పుట్టి పెరిగిన ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. జమేదారు వీధిలోకి వస్తున్నాడంటే మగవాళ్లు అరుగు దిగి నిలబడేవారు, ఆడవాళ్లం తలుపు చాటుకు పోయేవాళ్లం. అయినా ఒక్క జమేదారును మాత్రం ఈ వయసులో కూడా చేతులెత్తి తలుచుకుంటాను. ఆయన పేరేమిటో మాకు తెలియదు. జమేదార్ సాబ్ అనేవాళ్లం, అంతే.

పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాలేదు. మాట్లాడే సినిమాలు కొత్తగా వస్తున్న రోజులు. బొంబాయి నుంచి ఒక కంపెనీ కామారెడ్డిలో రైలు దిగి, నిజాంసాగర్ కట్ట మీద రెండు రోజులు ఏదో తీసుకుని, లారీల మీద సామానుతో మా ఊరికి వచ్చింది. మా వీధిలో పాట తీస్తారట. ఇప్పటిలా ముందే పాడించి పెట్టుకుని పెదవులు ఆడించడం కాదు. వేషం కట్టిన పిల్ల నడుస్తూ నిజంగానే పాడాలి, కనబడకుండా కూర్చున్నవాళ్లు వాయించాలి, లారీలోని యంత్రం అదంతా పట్టుకోవాలి. పక్కింట్లో ఎవరైనా తుమ్మితే అదీ పట్టుకుంటుంది. అందుకని ఊరి నోరు మూయించే పని జమేదారు మీద పడింది.

ఆ పని ఆయన చేసిన తీరు చూడాలి! ముందు రోజే ఇల్లిల్లూ తిరిగాడు. కంచరివాళ్ల సుత్తెలు, గానుగ, రోకళ్లు, ఏ ఇంట్లో ఏ చప్పుడు పుడుతుందో సాయంత్రానికి మాకంటే ఆయనకే బాగా తెలుసు. ఎద్దుల మెడగంటల్లో గడ్డి కుక్కించాడు. కోళ్లను గంపల కింద మూయించాడు. కుక్కలకు కంపెనీవాళ్ల చేతే రొట్టెలు వేయించి ఊరవతలికి తోలించాడు. చావడి కప్పు మీద ఒక జవానును వెదురుకర్రతో నిలబెట్టాడు, కర్రకు ఎర్రగుడ్డ. అది లేస్తే ఊరంతా గప్‌చుప్. దిగితే ఎవరి పని వాళ్లది. కంపెనీవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే, నీళ్ల బిందెలతో వచ్చే ఆడవాళ్లు దాటిపోయేదాకా గుడ్డ లేవనివ్వలేదు. అంత పద్ధతైన మనిషిని నేను మళ్లీ చూడలేదు, ఒప్పుకోవాలి.

మా ఇంటికీ వచ్చాడు. మాది నేత ఇల్లు.

"మగ్గం బంద్ పెట్టుండ్రి," అన్నాడు గుమ్మంలోంచే.

"అది ఎప్పుడో బంద్ అయింది సాబ్," అన్నాను. బాపు మంచం పట్టి మూడు నెలలు. ఆయన్ను చూసుకోవడానికే నేను అత్తగారింటి నుంచి వచ్చి ఉన్నాను.

జమేదారు మంచం వైపు ఒకసారి చూసి, రోలు దగ్గరున్న మా అమ్మ వైపు తిరిగాడు. "ఏ ముసల్దానా, రేపు గుడ్డ లేచినంక సప్పుడు జేసినవంటే ఠాణాల కూసుంటవ్. సమజైందా?"

అమ్మ తల ఊపింది. నాకు ఒళ్లు మండింది. ముసలిదట! అమ్మకు యాభై కూడా నిండలేదు. కానీ నోరెత్తలేదు. ఎదురు మాట్లాడిన పక్కింటి కంచరాయన అప్పటికే ఠాణాలో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

మరునాడు పొద్దెక్కాక గుడ్డ లేచింది. పాట మొదలైంది. ఆ పిల్ల గొంతు తేనె, అబద్ధమెందుకు. సరిగ్గా అప్పుడే బాపు ఊపిరి ఒకటి పెద్దగా తీసి, ఇంక తీయలేదు.

అమ్మ ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి నా వైపు తిరిగింది. మా దగ్గర మనిషి పోగానే ఇంటి ఆడది గొంతెత్తి ఏడవాలి. అది వింటేనే వాడంతా కదిలి వస్తుంది. ఏడుపు లేవలేదంటే పోయినవాడికి ఎవరూ లేరన్నట్టే. అమ్మ నోరు తెరిచింది. కిటికీలోంచి చావడి మీది ఎర్రగుడ్డ కనబడింది. తెరిచిన నోట్లో కొంగు కుక్కుకుంది.

నేనూ అదే చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక గుడ్డముక్కకు భయపడి కన్నతండ్రి కోసం ఏడవలేకపోయాను. బయట వలపు పాట ఒక చరణం అయిపోయి ఇంకోటి అందుకుంది. అమ్మ బాపు కాళ్లు పట్టుకుని చప్పుడు లేకుండా ఊగిపోతోంది.

పెరటి తలుపు దగ్గర నీడ పడింది. జమేదారు! పాట సాగుతున్నంతసేపూ వెనక సందుల్లో తిరుగుతూ చప్పుళ్లు కనిపెడుతున్నాడు. తన బూట్లు కూడా చప్పుడు చేస్తాయని వాటిని విప్పి చేతిలో పట్టుకుని, వట్టి కాళ్లతో ఉన్నాడు. మంచం వైపు చూశాడు. తర్వాత అమ్మ నోట్లోని కొంగు చూశాడు. ఆయన మొహం ఎట్లా అయిపోయిందో నేను చెప్పలేను. బూట్లు అక్కడే వదిలేశాడు.

మా ఇంట్లోంచే నడిచి, వీధి తలుపు తీసుకుని, తిన్నగా కెమెరాకు ఎదురుగా పోయి నిలబడ్డాడు. ఒకపక్క నగలతో పాడుతున్న పిల్ల, ఒకపక్క వట్టి కాళ్ల జమేదారు. చావడి వైపు చెయ్యెత్తి అరిచాడు. "దించు!"

గుడ్డ దిగింది. పాట ఆగింది. కంపెనీ పెద్దమనిషి చేతులూపుకుంటూ ఉరికివచ్చి ఉర్దూలో కేకలేశాడు. పైనుంచి హుకుం తెచ్చుకున్నామన్నాడు. జమేదారు ఆయనకు ఉర్దూలోనే జవాబిచ్చి, వీధిలో ఉన్న అందరికీ తెలిసేటట్టు అదే మాట తెలుగులోనూ అన్నాడు. "సప్పుడు బంద్ జేయమని నాకు హుకుం ఉంది. ఏడుపు బంద్ జేయమని లేదు."

మళ్లీ మా గడప దాకా వచ్చి అవతలే ఆగాడు.

"గుడ్డ దింపించిన, అక్కా," అన్నాడు. "ఏడువు."

అమ్మ ఏడ్చింది. వాడంతా వచ్చింది. ఆ రోజు మళ్లీ గుడ్డ లేవలేదు. బాపును తీసుకుపోయే దారికి అడ్డమున్న లారీని జమేదారే దగ్గరుండి తీయించాడు. కంచరాయన్ను ఠాణా నుంచి విడిపించి, పాడె కట్టడానికి పంపాడు.

తర్వాత మా ఇంట్లో ఎవరైనా పోలీసులను తిడితే అమ్మ కూడా తిట్టేది, అందరికంటే గట్టిగానే. ఆ జమేదారు మాట వచ్చిందంటే మాత్రం చేతిలో పని ఆపేది.

"ఆయనను ఏమనకుండ్రి," అనేది. "నా మొగని కోసం నన్ను ఏడువనిచ్చిండు."