మూలగడిలో ఊరు

మెల్కే గడినుడి కూర్చేటప్పుడు ఎప్పుడూ కింది కుడిమూల నుంచి మొదలుపెట్టేవాడు. పై గళ్ళు ఎవరైనా నింపుతారు. అక్షరాలన్నీ వచ్చి ఇరుక్కునేది ఆ మూలలోనే. అక్కడ మామూలు మాటలు పనికిరావు. ఇస్తాంబుల్ దినపత్రికలో ఇరవై ఏళ్ళకు పైగా అతన్ని గట్టెక్కించినవి పాత పేర్లు. ఉర్ఫా పాత పేరు ఎడెస్సా, దియార్‌బకిర్ పాత పేరు ఆమిద. ఏ పేరు ఏ మాట నుంచి పుట్టిందో గళ్ళ కింద అతను రాసే రెండు ముక్కల కోసమే ఆదివారం పత్రిక కొనేవాళ్ళున్నారు.

అతని సొంత ఊరికీ పాత పేరుంది. ఐనూ. టర్కిష్ లిపిలో నాలుగే అక్షరాలు. వాళ్ళ సుర్యానీ క్రైస్తవుల భాషలో ఊట అనే మాట నుంచి వచ్చింది. మిద్యాత్ పట్నం దాటాక కొండ కింద, మేకలు నీళ్ళు తాగే ఊట చుట్టూ కట్టుకున్న ఊరు. మెల్కేకి ఆరేళ్ళప్పుడు ప్రభుత్వం ఆ పేరు కొట్టేసి గుల్లూజె అని టర్కిష్ పేరు పెట్టింది. తర్వాత జనమూ పోయారు, కొందరు జర్మనీకి, కొందరు స్వీడన్‌కి. ఐనూ అని పలికేవాళ్ళు దేశంలో ఇద్దరే మిగిలారు, అతనూ, మిద్యాత్‌లో ఉంటున్న అక్క షమిరామూ. ఒక్కసారి ఆ పేరు అచ్చులో చూడాలి. మెల్కేకి మరే కోరికా అంతకాలం నిలవలేదు.

వేసిన ప్రతిసారీ పేజీ చూసే ఫెరిదున్ బే ఆపేసేవాడు.

"ఇదేంటి మెలిహ్ బే?" ఆఫీసులో అతని పేరు మెలిహ్, గౌరవానికి చివర బే. గుర్తింపు కార్డులోనూ ఆ టర్కిష్ పేరే.

"ఊరి పాత పేరండీ."

"ఏ పుస్తకంలో ఉంది?"

"మా అమ్మ నోట్లో ఉండేది."

"మీ అమ్మ నోరు మనకి ఆధారం కాదు కదా! మొన్న ఆమిద వేశారు, నేనేమన్నా అన్నానా?"

"అది రెండు వేల ఏళ్ళ నాటిది."

"నేననేదీ అదే. పేరు చచ్చి రెండు వేల ఏళ్ళయితే విజ్ఞానం. నలభై ఏళ్ళయితే పైనుంచి ఫోన్లొస్తాయి. పిల్లలున్నవాణ్ణి, మార్చండి."

మార్చేవాడు. మూల చెడితే పైదాకా అంతా విప్పుకుంటూ పోవాలి.

ఒక వేసవిలో ఫెరిదున్ బే సెలవు మీద బోద్రుమ్ వెళ్ళాడు. మెల్కే మూలగళ్ళలో ఐనూ పెట్టి ఆధారం రాశాడు: "మిద్యాత్ దగ్గర ఒక గ్రామం, పాత పేరు." గడినుడి వచ్చిన మర్నాడు జవాబుల్లో ఐనూ అచ్చయింది. అక్కకి ఫోన్ చేశాడు.

"చూశావా అక్కా?"

"చూడకేం! కొట్టువాడు పొట్లం కట్టబోతుంటే లాక్కున్నాను. పక్కింటామెకి చూపిస్తే, ఇంతేనా మీ ఊరు, నాలుగు గళ్ళేనా అంది."

"నువ్వేమన్నావు?"

"మీ ఊరికి ఆ నాలుగూ లేవు కదే అన్నాను."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఫెరిదున్ బే తిరిగొచ్చేసరికి ఫిర్యాదులు వచ్చి ఉన్నాయి. అతను భయపడ్డట్టు పైనుంచి కాదు. బుర్సా నుంచి రిటైరైన భూగోళం మాస్టారు, ఇజ్మీర్ నుంచి ఒక మందులషాపాయన. అలాంటి ఊరే లేదు, మూలలో మాట కుదరక కల్పించారు అని వాళ్ళ గొడవ.

"బతికిపోయాం మెలిహ్ బే," అన్నాడు ఫెరిదున్ బే. "కల్పించారనే అనుకుంటున్నారు. ఒక సవరణ వేసేస్తే సరి."

"ఏమని?"

"ఆ పేరుతో ఊరు లేదని. సవరణలు రాసేది మీరేగా."

"రాయనంటే?"

"రాయకపోతే తెలిసే వేశారని తేలుతుంది. అప్పుడు నేను పైవాళ్ళకి ఏం చెప్పుకోను? మీరే చెప్పండి."

మెల్కేకి పింఛను రావడానికి ఇంకా మూడేళ్ళుంది. కూర్చుని రాశాడు. చేయి తిరిగినవాడు, రెండో కాగితం పట్టలేదు. "ఇటీవలి జవాబులలో పొరపాటు దొర్లింది. ఐనూ అనే గ్రామం లేదు. పాఠకులు మన్నించగలరు."

ఫెరిదున్ బే చదివి, "ఆ పేరు మళ్ళీ దేనికి?" అని "ఐనూ అనే" కొట్టేసి "అటువంటి" అని దిద్దాడు.

మర్నాడు సాయంత్రం షమిరామే ఫోన్ చేసింది.

"ఎవడ్రా ఆ వెధవ? మన ఊరు లేదని రాసినవాడు?"

"నేనే అక్కా."

షమిరామ్ గొంతు తగ్గించి, "ఇంతకాలం మన ఊరిని లేకుండా చేసింది వాళ్ళేననుకున్నాను," అని పెట్టేసింది.

మెల్కే మరో మూడేళ్ళు గళ్ళు నింపి పింఛను తీసుకున్నాడు. షమిరామ్ ఆ పత్రిక మళ్ళీ ముట్టుకోలేదు.