దాలమ్మ డాల్డా డబ్బా
సంతబొమ్మాళి జీడితోటల్లో మేకలు తోలే దాలమ్మ ముందు మేకల తోకలు చూస్తుంది, తర్వాతే మనుషుల మొహాలు. మేత మాని అరుస్తూ తోక టపటపలాడించిందంటే మేక ఎదకొచ్చినట్టే. అనుమానమొస్తే, మేకపోతు నుదుటికి బాగా రుద్ది డాల్డా డబ్బాలో దాచిన పాత తువ్వాలు ఆ మేక ముక్కుకి చూపిస్తుంది. ఆ వాసనకి ఎదలో ఉన్న మేక ఆగలేదు. వట్టిపోయిన బొల్లిమేక మాత్రం నెలల తరబడి ఆ తువ్వాలుని పట్టించుకోలేదు. ఇక లాభం లేదని మొగుడు బంగారయ్య దాన్ని టెక్కలి సంతకి బయల్దేరదీశాడు. ఎప్పుడూ ఈడ్చినా కదలని బొల్లి ఆవేళ తోకాడించుకుంటూ, అరుస్తూ అతని భుజం మీదికి ఎగబడింది. బంగారయ్య కళ్లు చెమర్చాయి.

"సూసావేటే, నామీదే పేనాలెట్టుకుంది! దీన్నెలా అమ్మీమంతావు?"

దాలమ్మ అతని భుజం మీదున్న తువ్వాలు కేసి చూసింది. డబ్బాలో పెట్టడం మరిచి తను దండెం మీద వదిలేసిన తువ్వాలే అది. మేకల మధ్య పెరిగిన అతని ముక్కుకి ఆ కంపు తెలియనే లేదు. ఆమె నవ్వుని కొంగులో అదుముకుంది.

"అమ్మొద్దులే మావా. రేపటికి ఎద సల్లారిపోద్ది, ఇప్పుడే మూలపేట పోతు కాడికి తోలుకెల్లు. నీ ఎనకాలే వత్తాది. ఆ తువ్వాలు మాత్రం బుజం మీంచి తియ్యకు."