టర్బోకి నూనె పట్టిన వాన

సాఫ్ట్‌వేర్ కోర్సుల కుర్రాళ్లతో అమీర్‌పేట కిటకిటలాడే రోజుల్లో, ఒక వ్యాను టర్బో కాలిపోకుండా కాపాడింది నేనే. డ్రైవరు అప్పుడే ఇంజనుకి గాలి ఎక్కించే కొత్త టర్బో బిగించాడు. ఇక బయల్దేరడమే అనుకుని నేనూ మా ఆవిడా, అందరం ఎక్కి కూర్చున్నాం. బయట వాన. అతను మాత్రం బానెట్ దించలేదు.

"తాళం తిప్పన్నా, ఆఫీసుకి లేటవుతోంది," అన్నాడొక కుర్రాడు.

"జర ఆగు తమ్మీ. నూనె ఎక్కకముందే తిప్పితే గీ టర్బో గీడనే కాలుతది. గిది పోతే నా బండి షెడ్డుకే."

టర్బో మీది రంధ్రంలో కొంచెం కొంచెంగా నూనె పోస్తూ, లోపలి చక్రాన్ని వేలితో తిప్పుతున్నాడు. కుర్రాళ్లు దిగి వేరే వ్యాను ఎక్కేశారు. "ఇంకా ఎంతసేపయ్యా?" అని లోపలినుంచి ఒక కేక.

అతను తలెత్తలేదు. "దిగేటోళ్లు దిగుండ్రి. దీని గొంతు తడిసినంకనే తాళం."

పంజాగుట్ట చేరేదాకా ఆ ఇంజను చప్పుడే విన్నాను. ఇప్పటికీ స్కూటరుకి తాళం పెట్టి, ఒక్క క్షణం ఆగుతాను.

సరే, నూనె పోసింది అతనే. రంధ్రంలో వాన పడకుండా గొడుగు పట్టింది మాత్రం నేను.

ఇంతవరకూ చదివి మా ఆవిడ కాగితం కింద పెట్టింది. "గొడుగు పట్టింది నేను. ఎంతసేపయ్యా అని లోపల కూర్చుని అరిచింది మీరు."