అమ్మ ఒక్కతే వినాల్సిన క్యాసెట్

టేబుల్ మీది హార్డ్ డిస్క్ వేడెక్కి కాలిన దుమ్ము వాసన వేస్తోంది. కేబుల్ మార్చాను, వేరే పోర్టులో పెట్టాను, పక్కింటివాళ్ల కంప్యూటర్‌కీ తగిలించి చూశాను. లైటు వెలుగుతుంది, లోపల టక్ టక్‌మంటుంది, కంప్యూటర్ మాత్రం అలాంటిదేదీ లేదంటుంది. దాన్ని గోడకేసి కొట్టాలనిపించింది. ఉదయగిరిలో మా పెదనాయన ఇంట్లో టేప్ రికార్డర్ వేడెక్కితే అచ్చం ఇదే వాసన వచ్చేది, నాకు అప్పుడూ ఇలాగే ఒళ్లు మండేది.

నిజానికి ఆ టేప్ రికార్డర్ మాది. ఎనభైల మొదట్లో కువైట్‌కి డ్రైవరుగా పోయిన నాయన, చదవడం రాని అమ్మ కోసం దాన్ని ఊరికొచ్చే మనిషి చేత పంపించాడు. పెదనాయన బస్టాండులోనే అందుకుని తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఆడోళ్ల చేతికిస్తే పాడైపోతుందట. నాయన క్యాసెట్ వచ్చిందంటే మేం వాళ్లింటికి పోయి చాప మీద కూర్చోవాలి. జవాబు కూడా ఆ క్యాసెట్ మీదే రికార్డు చేసి పంపేవాళ్లం కాబట్టి, నాయన గొంతు మాకు కొద్దిరోజులే దక్కేది. ముందు పెదనాయన ఎండిన బావి గురించీ కుంటుతున్న ఎద్దు గురించీ తనివితీరా చెప్పుకుని, చివర మిగిలిన కాస్త టేపు అమ్మకిచ్చేవాడు. ఆమె గొంతు సవరించుకునేలోపే అదీ అయిపోయేది.

ఒక క్రిస్మస్ ముందు, కొండ మీంచి చలిగాలి కొడుతూ, పక్కింట్లో చెక్క గరిటెలు చెక్కే చప్పుడు ఆగకుండా వినపడుతూ, పెద్దమ్మ వేయించే కజ్జికాయల వాసనకి పిల్లలమంతా గోలీలు వదిలేసి లోపలికొచ్చిన సాయంత్రం, క్యాసెట్‌లో నాయన అందరి క్షేమం అడిగి, అమ్మ పేరు పెట్టి పిలిచాడు.

"ఇప్పుడు చెప్పేది నీ ఒక్కదానికే. అందర్నీ బయటికి పొమ్మను."

పెద్దమ్మ పొయ్యి మీది బాణలి దించి మమ్మల్ని వాకిట్లోకి తోలింది. పెదనాయన మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"వాణ్ని సాకింది నేను. నాకు తెలీని మాటేంది వాడికి?"

అమ్మ లేచింది. నాయన మళ్లీ మాట్లాడేలోపే మీట నొక్కి టేపు ఆపి, క్యాసెట్ తీసి కొంగున కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చేసింది. మళ్లీ ఎంతమంది అడిగినా దాన్ని ఇవ్వలేదు. ఎవరి మెషీన్లో పెట్టినా వాళ్లూ వింటారని ట్రంకుపెట్టెలో బట్టల అడుగున దాచింది. నాయన తిరిగొచ్చాక కూడా అన్నను టేప్ రికార్డర్ అడగలేకపోయాడు. నాకు ఆయన మీదా కోపమే. పోనీ ఆ మాటేదో నోటితోనే చెప్పమని అమ్మ అడిగితే, గుర్తులేదన్నాడట.

నాయన చనిపోయాక నెల్లూరులో పెళ్లి వీడియోల షాపువాడి చేత, సౌండు కట్టేయించి, ఆ క్యాసెట్‌ని ఈ డిస్క్‌లోకి ఎక్కించాను. ఎక్కించడమైతే అయింది గానీ, బూజుపట్టిన టేపు ఆ మెషీన్లోనే ముక్కలైంది. ఈ వారం అమ్మ చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, నేను బయటికి పోయి తలుపు వేద్దామనుకున్నాను. ఇంతలో ఇదీ చచ్చింది.

ఆత్మకూరు రిపేరు కుర్రాడు, డిస్క్‌ని మద్రాసు పంపితే లోపలిది తిరిగి రావచ్చన్నాడు. కాకపోతే సరిగా వచ్చిందో లేదో అక్కడివాళ్లు పెట్టి వింటారట. ఫోన్లో అమ్మకి చెప్పాను.

"మళ్లా ఇంకెవడో వినాల్నా? ఇంటికి తీసకరా."

తీసుకుపోయి ఇచ్చాను. ట్రంకుపెట్టెలో క్యాసెట్ ఉండే చోటే పెట్టుకుంది. పెదనాయన పోయాడు, ఆయన బీరువా పోయింది, గరిటెలు చెక్కే పక్కింటివాళ్లూ ఊరు విడిచారు. ఆ సాయంత్రం ఆ పెద్దమనిషి కుర్చీలోంచి లేచి గడప దాటి ఉంటే చాలు, మా అమ్మ ఆ మాట వినేది. ఆయన్ని నేను ఈ రోజుకీ క్షమించలేదు.