దూది మాస్టారు

అప్పులిచ్చే విదేశీ బ్యాంకు వాళ్లు జనాభిప్రాయం వినడానికి వచ్చినప్పుడల్లా, జనం మాటల్ని వాళ్ల భాషలో చెప్పేది దూది మాస్టారే. ఎంత కరుకు మాటనైనా మెత్తబరిచి అప్పగిస్తారని ఆయనకా పేరు. నోరు తెరిచే ముందు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. ఆ కాస్త వ్యవధిలోనే తిట్టు విన్నపమైపోతుంది.

ఆరోజు సభలో చేపలమ్మే ఆవిడ మైకు లాక్కుంది. "మీకు రోడ్డు ముఖ్యమా, బడి ముఖ్యమా అని ఇప్పుడడుగుతారా? మా బజారు కూల్చి రోడ్డేసేటప్పుడు నోరు పెగల్లేదేం? మళ్లీ మా పేరు చెప్పి అప్పు తెస్తే ఊరుకోం. నా మాటకు దూది చుట్టకండి మాస్టారూ, ఉన్నదున్నట్టు చెప్పండి!"

హాలంతా గొల్లున నవ్వింది. పక్కనున్న సర్కారు పెద్దాఫీసరు మాస్టారి చెవిలో గొణిగాడు. "రోడ్డు బాగుందంటోందని చెప్పేయండి. మళ్లీ పిలవాలా వద్దా మిమ్మల్ని?"

కళ్లజోడు దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. మాస్టారు లేచి, ఆవిడలాగే నడుం మీద చెయ్యి వేసుకుని, అంతే గట్టిగా, ఒక్క ముక్క వదలకుండా చెప్పారు.

బ్యాంకు దొర గతుక్కుమన్నాడు. "అంతేనా?"

"ఇంకోటుంది. ఈయన నన్ను చెప్పమన్నది," అంటూ ఆఫీసరు మాటల్నీ అప్పగించి, అప్పుడు కళ్లజోడు తీసి తీరిగ్గా తుడుచుకున్నారు.