జీతం అన్న ఒక్క మాట

అది 2022, వానలు పడి చేలు పచ్చబడ్డ కాలం. నేను నాగర్‌కర్నూల్‌లో పిల్లల సంరక్షణ పనిలో కాంట్రాక్టు మీద ప్రొటెక్షన్ ఆఫీసర్‌ని. ఫాస్టర్ కేర్ నేను చూసేవాణ్ణి. తల్లిదండ్రులు లేని, లేదా ఉన్నా సాకలేని పిల్లలను హోంలో కాకుండా ఒక కుటుంబంలో ఉంచడమే ఫాస్టర్ కేర్. ఇది దత్తత కాదు. బాధ్యత సర్కారుది, ఇల్లు వాళ్లది. పిల్ల ఖర్చుకు నెలనెలా కొంత డబ్బు ఆ ఇంటికి వెళుతుంది.

మాది కొల్లాపూర్ వైపు ఒకప్పటి పెద్ద ఇల్లు. తాతగారి భూమి చాలావరకు శ్రీశైలం నీళ్లలో మునిగింది, మిగిలింది కోర్టుల చుట్టూ తిరిగి పోయింది. ఎవరినీ ఒక పని రెండోసారి అడగకపోవడం మాత్రం మాకు మిగిలింది. ఈ కేసుతో దానికి సంబంధం ఉంది కనుకే చెబుతున్నాను.

పిల్లను శైలజ అందాం. అసలు పేరు రాయకూడదు. మానవపాడు వైపు పిల్ల, తొమ్మిదేళ్లు. తల్లి చనిపోయింది. తండ్రి అప్పు కింద పిల్లను ఒక పత్తి సీడ్ చేనులో పనికి పెట్టి ఎటో వెళ్లిపోయాడు. అక్కణ్ణుంచి విడిపించి వనపర్తిలో ఒక హోంలో ఉంచారు. తెలకపల్లి దగ్గరి ఊరిలో బాలమణి అనే ఆమె, ఆమె భర్త పిల్లలు లేక సాకుతామని ముందుకొచ్చారు. కౌలు రైతులు. హోమ్ స్టడీ రిపోర్టు, అంటే ఆ ఇంటినీ మనుషులనూ చూసి రాసే నివేదిక, నేనే రాశాను.

అప్పగించిన రోజు బాలమణికి అర్థమయ్యేలా చెప్పాలని, "నెలనెలా జీతంలెక్క మీ ఖాతాలో పడుతుందమ్మా" అన్నాను. శైలజ సంచి పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది.

నెలకోసారి వెళ్లి చూడాలని నియమం. బండి కిరాయి మంజూరు చేయమని ఆఫీసులో నోటు రాసి పెట్టాను. పై అధికారి చదివి నవ్వాడు. "ఒక్క పిల్ల కోసం రానుపోను బండా? హోంలో అయితే ఒక్క వార్డెన్ అందరినీ చూస్తది గద. సర్కార్ పైసలండి, జర ఆలోచించున్రి."

నోటు వెనక్కి వచ్చింది. మళ్లీ రాయలేదు. మా ఇంటి అలవాటు. ఫోన్‌లో "పాప బాగుందా?" అని అడిగేవాణ్ణి. బాగుందనేవారు. ఫైలులో అదే రాసేవాణ్ణి.

నాలుగు నెలలకు ఫిర్యాదు వచ్చింది. ఆ ఇంట్లో పిల్లతో చీకటి ఉండగానే చాకిరీ చేయిస్తున్నారని ఎవరో హెల్ప్‌లైన్‌కు చెప్పారు. పిల్ల ఎక్కడుండాలో నిర్ణయించే చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు రెండు రోజుల్లో విచారణ. నిజమైతే శైలజ మళ్లీ హోంకు వెళుతుంది. అబద్ధమైనా, విచారణ గడప తొక్కాక బాలమణి ఇక ఏ పిల్లనూ తీసుకోదు. ఆ ఇల్లు మంచిదని సంతకం పెట్టినవాణ్ణి నేను.

విచారణకు ముందు రోజు బస్సెక్కి వెళ్లాను. దారంతా నా రిపోర్టే తిప్పి తిప్పి చదివాను. ఎక్కడ మోసపోయానో దొరకలేదు.

వాకిలి అద్దంలా ఊడ్చి ఉంది. శైలజ గడప బయట, వాకిలి అంచున కూర్చుని అన్నం తింటోంది. కంచం నేల మీద.

బాలమణి నన్ను చూసి కొంగు దులిపింది. "ఇప్పుడు యాదికొచ్చినమా సార్? ఫోన్‌ల అడుగుతరు, మంచిగుందంటే పెట్టేస్తరు."

"పిల్ల బయట ఎందుకు తింటోంది?"

"లోపలికి రమ్మంటే రాదు. కోడి కూయకముందు లేసి ఊడుస్తది. వద్దంటే ఏడుస్తది. నేను కొడుతున్ననని పక్కింటామె అనుకుంటుంది. నాకేం తెల్వక పరేషానైతున్న. జెప్పున పిల్లనెత్తుకుపోయేటట్టుంటే చెప్పున్రి, గీ ఎదురుచూసుడు నాతోని కాదు."

శైలజ పక్కన కూర్చున్నాను. "ఎందుకమ్మా అంత పొద్దున లేస్తున్నావు?"

"జీతమున్నోళ్లు లేవాలె గద."

"జీతమని ఎవరు చెప్పారు?"

నా ముఖంలోకి వింతగా చూసింది. "నువ్వే చెప్తివి సార్. నెలనెలా జీతం పడ్తదని." కంచం పక్కకు జరిపి అడిగింది. "ఇంకెన్ని దినాలుండాలె? మా నాయిన ఎంత తీసుకున్నడు?"

ఆఫీసు భాషలో జీతం అంటే గౌరవం. మా వైపు ఊళ్లలో జీతానికుండడం అంటే తీసుకున్న అప్పుకు ఒక ఇంట్లో కట్టుబడి పనిచేయడం. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా తాతగారి ఇంట్లో జీతగాళ్లు ఉండేవాళ్లు. వాళ్లు గడప బయట, సరిగ్గా అలాగే, వాకిలి అంచున తినేవాళ్లు. చిన్నప్పుడు లోపల పీట మీద కూర్చుని చూసినవాణ్ణి. అయినా ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

"మీ నాయన మా దగ్గర ఏమీ తీసుకోలేదు" అన్నాను. "ఆ పైసలు నీ బువ్వకు, నీ బట్టకు, నీ బడికి."

"పని చేయకున్నా వస్తయా?"

"నిద్రపోయినా వస్తయి."

నమ్మినట్టు కనిపించలేదు. బాలమణి గుమ్మంలో నిలబడి అంతా వింది. తర్వాత వచ్చి కంచం తీసుకుని లోపల పెట్టింది. పిల్ల కదల్లేదు. బస్సు టైమయ్యేదాకా కదల్లేదు.

మర్నాడు ఏడింటికి, విచారణకు కాగితాలు సర్దుకుంటుంటే ఫోన్. బాలమణి.

"సార్," గుసగుసగా మాట్లాడుతోంది, "పొద్దెక్కింది. ఇంక పండుకునే ఉంది. ఒక కన్ను తెరిసి నన్ను చూసి మళ్ల మూసింది. లేపాల్నా?"

"లేపొద్దమ్మా" అన్నాను.

కమిటీ ముందు తప్పు నాదని రాసిచ్చాను. నెలనెలా ఎవరైనా వెళ్లి చూడాలన్న షరతు మీద పిల్లను అక్కడే ఉంచారు.

ఈ పనిలో ఎవరు కలిసినా, సర్కారు పిల్లకు నెలకెంత ఇస్తుందని అడుగుతారు. ఆ డబ్బు ఆ నాలుగు నెలలూ సరిగ్గానే పడింది. సర్కారు పెట్టని ఖర్చు, ఒక మనిషి అక్కడిదాకా వెళ్లి గంటసేపు కూర్చోవడానికి అయ్యేది. అది అడగడానికి నేను సిగ్గుపడ్డాను. దాని బదులు తొమ్మిదేళ్ల పిల్ల నాలుగు నెలలు వాకిలి ఊడ్చింది.

ఇప్పుడు ప్రతి నెలా నోటు పెడతాను. తిప్పి పంపితే మళ్లీ పెడతాను. కొన్ని నెలలు బండి ఇస్తారు, కొన్ని నెలలు బస్సే. నోటులో 'ప్రయాణ కారణం' అని ఒక గడి ఉంటుంది. అందులో అందరూ తనిఖీ అని రాస్తారు. నేను రాసేది చూసి అకౌంట్స్‌వాళ్లు నవ్వుకుంటారని తెలుసు. 'పిల్ల ఎన్నింటికి లేస్తోందో, ఎక్కడ కూర్చుని తింటోందో చూడటానికి' అని రాస్తాను.